వెండెల్ గుల్లలు

ట్వైలా హైమ్‌బాక్ తన జీవితంలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. అయినా మా తుపాకి పందేల క్లబ్బులో ఇరవై ఆరేళ్లపాటు వచ్చిన మంచి ఫలితాల్లో చాలావాటికి మూలం ఆమె వంటింటి పక్కనున్న సామాన్ల గది. ఆ సంగతి మాకు తెలియడానికి, మాతో పందెం ఆడే ఆమె భర్త వెండెల్ చనిపోవలసి వచ్చింది.

నేను ఆ క్లబ్బులో కొలతల మనిషిని. వెయ్యి గజాల అవతల, లోయకు ఆ పక్క కొండ అంచున నిలబెట్టిన కాగితం మీద పది తూటాలు చేసిన పది చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవడం నా పని. ఎవరి చిల్లులు ఎక్కువ దగ్గరగా ఉంటే వాళ్లది గెలుపు. నెలాఖరున అందరికీ పోస్టులో వెళ్లే నివేదిక టైపు చేసేదీ నేనే. అందులో ప్రతి పేరు పక్కన తుపాకి గొట్టం ఎవరు చేశారు, చెక్క ఎవరు మలిచారు, గుండు ఏది, మందు ఏది, ఆ రెంటినీ పట్టి ఉంచే ఇత్తడి గుల్ల ఎవరు తయారు చేశారు అని వరసలుంటాయి. ఈ కథలో నా తప్పు కూడా కొంత ఉంది. అది ఆ వరసల్లోనే ఉంది.

ట్వైలా పెళ్లయిన కొత్తలోనే మా ఊరి చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. కుట్టిన చొక్కాల కాజాలు చూసి, బాగున్నవి ఒక పక్కకు, దారం వదులైనవి ఇంకో పక్కకు వేయడం ఆమె ఉద్యోగం. కళ్లతో చూడటం కంటే బొటనవేలితో తడిమి చెప్పడం ఆమెకు తేలిక. ఆమె వెనక్కి పంపిన చొక్కాను వాదించి గెలిపించుకున్న కుట్టుపనివాళ్లు లేరని చెప్పుకునేవారు. 1984లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. వెండెల్‌కి మాత్రం రోడ్ల శాఖలో ఉద్యోగం ఉంది. చలికాలం మంచు తోసే బండి నడిపేవాడు, ఎండాకాలం గుంటలు పూడ్చేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. పొద్దున్న ఆరింటికి వెండెల్ బండి శబ్దం మలుపు తిరిగాక, సాయంత్రం మళ్లీ అదే శబ్దం వినపడేదాకా ఆ ఇంట్లో ఇంకో మనిషి మాట ఉండేది కాదు.

ఆ నవంబరులో ఒక ఆదివారం వెండెల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇత్తడి గుల్ల ఒకటి పట్టుకుని తంటాలు పడుతున్నాడు. పందెం ఆడేవాళ్లు తయారు తూటాలు కొనరు. పేల్చగా మిగిలిన గుల్లనే మళ్లీ సరిచేసి, అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ పెట్టి, మందు పోసి, మూతిలో గుండు బిగించుకుంటారు. అన్నిట్లోకీ ఓపిక తినేది గుల్లను సరిచేయడమే. గుండును పట్టుకునే మెడ చుట్టూ ఒకే మందం ఉండాలి. కొత్త గుల్లకు అలా ఉండదు. లేతు యంత్రంలాంటిదే, చేతిలో పట్టే చిన్న తరిమెన మీద తిప్పుతూ ఎత్తుగా ఉన్న చోట చెక్కాలి. ఎంత చెక్కాలంటే, తలవెంట్రుకను నిలువునా పది చీలికలు చేస్తే ఒక చీలికంత.

"ఏం చేస్తున్నావ్ దాన్ని? పీక పిసుకుతున్నావా?" అంది ట్వైలా.

"మెడ చెక్కుతున్నా. పొద్దుటి నుంచి ఇది నాలుగోది. మూడు పాడయ్యాయి."

"ఇటివ్వు. నీవి పార పట్టే చేతులు."

"ఇది చొక్కా కాదే."

"చూస్తున్నాగా. ఇటివ్వు."

ఇచ్చాడు. ఆమె కాసేపు తిప్పి చూసింది, గోటితో మూతి చుట్టూ తడిమింది. తరిమెన మీదకు ఎక్కించి నెమ్మదిగా తిప్పింది. బంగారు దారంలాంటి రజను సన్నగా, తెగకుండా ఊడి వచ్చింది. వెండెల్ మైక్రోమీటరు పెట్టి చూశాడు. చుట్టూ నాలుగు చోట్ల చూశాడు. మిగతా గుల్లల డబ్బా ఆమె వైపు జరిపాడు.

అలా మొదలైంది. వంటింటి పక్కన ఊరగాయ సీసాలు పెట్టుకునే సామాన్ల గదిలో సీసాలు కిందకు దిగి, గుల్లల డబ్బాలు అరల్లోకి ఎక్కాయి. కిటికీ కింద పొడవాటి పలక వేసుకుంది. పేల్చిన గుల్లలు శనివారం సాయంత్రం వచ్చేవి. సోమవారం వాటిని మొక్కజొన్న కండెల పొట్టులో దొర్లించి మసి పోగొట్టేది. ఆపైన అచ్చులో నొక్కి కొలతకు తెచ్చేది. సాగినవాటిని కత్తిరించేది. అడుగున టోపీ కూర్చునే గుంటను చేతి బరమాతో చదును చేసేది. గుంటలోంచి మందుకు నిప్పు అందే సన్నటి కన్నం ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని గుద్ది తొలుస్తారు కాబట్టి లోపలి వైపు అంచు గరుకుగా మిగిలిపోతుంది. ఆ గరుకు కంటికి కనపడదు. మూతిలోంచి పొడవాటి బరమా దింపి, వేళ్లకు తెలిసేదాకా తిప్పి తీయాలి. నాలుగైదు సార్లు పేల్చిన ఇత్తడి బిరుసెక్కుతుంది, అప్పుడు మెడలు కాచాలి. అందుకు పట్టపగలే తెర వేసుకుని గదిని చీకటి చేసుకునేది. గుల్లలను నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, మెడకు మంట పట్టి, రంగు మారీ మారని క్షణంలో వేలితో తోసి నీళ్లలో పడేసేది.

చివరగా గుల్లలు నాలుగేసి దోసిట్లో పోసుకుని గలగలలాడించేది. ఎక్కడైనా కంటికి కనపడని పగులుంటే ఆ గుల్ల గలగలలో కలవదు, మొద్దుగా మోగుతుంది. అలాంటిది దొరికితే మూతి నొక్కేసి చెత్తలో వేసేది. ఈ పనంతా ఆమె రేడియో కూడా పెట్టుకోకుండా చేసేది. చప్పుడు వినాలి కదా అనేది.

వెండెల్ గెలవడం మొదలుపెట్టాడు. మొదట మా క్లబ్బులో, తర్వాత చుట్టుపక్కల క్లబ్బుల్లో. గాలి చదవడంలో అతనికి నిజంగానే నేర్పుంది, అది కాదనను. జెండాలు ఊగే తీరు చూసి రెండు సెకన్లలో తేల్చుకునేవాడు. మనిషి కూడా సరదా అయినవాడు. మైదానంలో అతనుంటే నవ్వులే. ఆ నవ్వుల్లో కొంచెం కూడా ఇంటికి తీసుకెళ్లడని మాకు తెలియదు.

1988 జూన్‌లో ఒక శనివారం వెండెల్ భోజనం డబ్బా మరిచిపోయి వచ్చాడు. ట్వైలా దాన్ని తీసుకుని మైదానానికి వచ్చింది. ఆ రోజు పొద్దున్నే వెండెల్ చాలా చిన్న గుంపు కొట్టాడు, పది చిల్లులూ కాఫీ సాసరు కింద పట్టేంత. మేం పది పన్నెండు మందిమి అతని బల్ల చుట్టూ మూగాం. అతని గుల్ల ఒకటి చేతులు మారుతోంది.

"ఏంట్రా వెండెల్, వీటికేం మంత్రం వేస్తున్నావ్? ఈ మెడ చూడండ్రా, అద్దంలా ఉంది," అన్నాడు ఒకడు.

"మంత్రమేం లేదురా. మీరంతా పొద్దెక్కేదాకా గురక పెడతారు. నేను లేచి మెడలు చెక్కుకుంటా. ఓపికుండాలి. మీకది ఏడిస్తేగా."

అందరం పడీపడీ నవ్వాం. నేనూ నవ్వాను. అప్పుడు వెండెల్ ఇటు తిరిగాడు. ట్వైలా డబ్బా పట్టుకుని మా వెనకాలే నిలబడి ఉంది. నాలుగడుగుల దూరం కూడా లేదు.

"రొట్టెలో హాం ముక్క పెట్టాను. ఆవముద్ద రాశాను," అంది. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆమె మైదానంలో అడుగు పెట్టలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆ సాయంత్రం గురించి నాకు చెప్పింది. "ఇంటికొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. పాలు అయిపోయినట్టున్నాయే అన్నాడు. అంతే. వారం రోజులు చూశాను, ఏదో ఒకటి అంటాడని. ఆ తర్వాత చూడటం మానేశాను."

"పని మానెయ్యలేదేం?" అన్నాను.

"పని నాదండీ. అతని మీద కోపమొస్తే నా పని నేనెందుకు మానుకోవాలి?"

దక్షిణపు గాలి వీచే శనివారాల్లో మా మైదానం తూటాల చప్పుడు కొండ దాటి వాళ్లింటికి వినపడేది. ట్వైలా వెనక మెట్ల మీద కూర్చుని బఠానీలు ఒలుస్తూ వినేది. ఒక్కొక్కళ్ల తుపాకిది ఒక్కో గొంతు. వెండెల్‌ది మొదలైతే ఆమెకు తెలిసిపోయేది. పది చప్పుళ్లూ లెక్కపెట్టేది. పదీ పూర్తయ్యాక లేచి లోపలికి వెళ్లేది. గెలిచాడో లేదో సాయంత్రం అతని నడకను బట్టి తెలుసుకునేది, అడిగేది కాదు.

1997లో ఆమె కుడి మణికట్టు తిమ్మిరెక్కి, వేళ్లు పట్టు తప్పాయి. అన్నేళ్లు తరిమెన తిప్పిన చెయ్యి. ఆపరేషను చేసి పది వారాలు కట్టు కట్టారు. ఆ వేసవంతా వెండెల్ కొలతలు పాడయ్యాయి. కాగితం మీద చిల్లులు నిలువునా సాగిపోయేవి. "కొత్త గొట్టం ఇంకా కుదురుకోలేదురా" అని చెప్పాడు. మేం నమ్మాం. సెప్టెంబరు వచ్చేసరికి గొట్టం కుదురుకుంది. అదీ నమ్మాం.

2010 ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది. అప్పటికి వెండెల్ ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది. ఊరి రోడ్లన్నీ తోసిన మనిషి తన వాకిట్లో మంచు పారతో తోస్తూ కుప్పకూలాడు. చర్చి నేలమాళిగలో భోజనాల దగ్గర మేమంతా అతని జోకులు తలుచుకుని నవ్వాం, కొందరం కళ్లు తుడుచుకున్నాం. ట్వైలా గోడ పక్క కుర్చీలో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది. వెళ్లి చెయ్యి పట్టుకున్నవాళ్లందరం ఆమెతో వెండెల్ గురించే మాట్లాడాం. అంతకుమించి ఆమెతో ఏం మాట్లాడాలో మాలో ఎవరికీ తెలియదు.

మే నెలలో వెండెల్ సామాన్లు అమ్ముతానని కబురు పంపింది. క్లబ్బు వాళ్లం వెళ్లాం. తుపాకి ఒక్కటి ఉంచుకుంది. అచ్చులు, త్రాసు, గాలి జెండాలు ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకున్నారు. ఆఖరికి ఇద్దరు గుల్లలున్న నీలం డబ్బాల కోసం గొడవ పడ్డారు.

"వెండెల్ గుల్లలు నాకిస్తానని అతనే ఎప్పుడో మాటిచ్చాడు."

"మాటిచ్చాడో లేదో నువ్వు చెప్తే నమ్మాలా? ముందు చెయ్యి వేసింది నేను."

"అవి అమ్మకానికి లేవు," అంది ట్వైలా.

"మీకెందుకమ్మా అవి? ఊరికే తుప్పు పట్టిపోతాయి."

"ఇత్తడి తుప్పు పట్టదు," అని ఆమె సామాన్ల గది తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అందరూ సర్దుకుని బయల్దేరారు. ఆ రోజు ఏమీ కొనకుండా నిలబడి చూసినవాడు ఎమిల్ కోవల్చిక్ ఒక్కడే.

ఎమిల్ స్కూలు బస్సుల మెకానిక్కు, పదవీ విరమణ చేశాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఇరవై ఏళ్లపాటు వెండెల్ తర్వాత రెండో స్థానం అతనిదే. మంగళవారం మధ్యాహ్నం ఒక్కడే వచ్చి ట్వైలా తలుపు తట్టాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మిసెస్ హైమ్‌బాక్, ఒక మాట చెప్పి పోతాను. ఆ గుల్లలు వెండెల్ చేసినవి కావని నాకు తెలుసు."

ఆమె తలుపు ఇంకాస్త తీసింది. ఎమిలే మళ్లీ అందుకున్నాడు.

"తొంభై ఏడులో మీ చేతికి కట్టున్నప్పుడు చూశాను. ఆ వేసవి బల్ల కింద అతని గుల్ల ఒకటి దొరికింది. ఇంటికి తీసుకెళ్లి రంపంతో నిలువునా కోశాను. లోపల కన్నం అంచు గరుకుగా అలాగే ఉంది. అంతకుముందు ఏడాది దొరికిన దాన్ని కూడా కోశాను. అది నున్నగా ఉంది. ఒకే చెయ్యి రెండు రకాలుగా చెయ్యదు కదా."

"అంటే పదమూడేళ్లుగా తెలుసు మీకు."

"తెలుసు."

"ఎవరికీ చెప్పలేదు."

"పందెంలో ఎదుటివాడి రహస్యం బయటపెట్టకూడదండీ. అది పద్ధతి కాదనుకున్నాను."

"రహస్యమా?" అంది ట్వైలా. గొంతు పెద్దది చేయలేదని, కానీ ఆ గొంతు తనకిప్పటికీ వినపడుతుందని ఎమిల్ నాతో అన్నాడు. "అది రహస్యం కాదు ఎమిల్. అది నేను."

అతను తన గుల్లలు చేసి పెడతారా అని అడగడానికి వచ్చాడు. అది అడిగేలోపే ఆమె తలుపు వేసుకుంది.

ఆ వేసవి ఆమె ఎలా గడిపిందో ముక్కలు ముక్కలుగా నాతో చెప్పింది. పొద్దున్నే లేచి సామాన్ల గదిలోకి వెళ్లి కూర్చునేది. చెయ్యడానికి ఏమీ లేదు. మూడు వందల గుల్లలు, అన్నీ తయారై ఉన్నాయి. చెక్కిన మెడను మళ్లీ చెక్కితే పాడవుతుంది. కాబట్టి తీసి తుడిచేది, బరువు చూసేది, మళ్లీ అదే వరసలో పెట్టేది. ఒక వారం అన్నీ తారుమారు చేసి, మళ్లీ బరువుల ప్రకారం పేర్చింది. శనివారాలు దక్షిణపు గాలి వీస్తే చప్పుళ్లు వినపడేవి. అందులో తనకు తెలిసిన గొంతు లేదు. అయినా మెట్ల మీద కూర్చునేది. అటూ ఇటూ ఇళ్లవాళ్లు చెయ్యి ఊపితే ఊపేది. నాలుగు రోజులపాటు తన గొంతు తాను వినలేదని ఒకసారి ఫోను మోగితే గానీ తెలియలేదట. "హలో" అనబోతే గొంతు పెగల్లేదు. ఆ ఫోను కూడా ఎవరో నంబరు పొరపాటున చేసింది.

జూలైలో వెండెల్ నోటు పుస్తకాలు దించింది. పందెం వెళ్లిన ప్రతిసారీ అతను అందులో రాసేవాడు. తారీకు, ఎండ, గాలి ఎటు నుంచి, మందు ఎంత, గుంపు కొలత. ఇరవై ఆరేళ్ల పుస్తకాలు. వాటిని ఒక్కొక్క పేజీ తిప్పింది. ఏం వెతుకుతున్నారని నేనడిగితే, "నా పేరు" అంది సూటిగా. ఎక్కడా లేదు. ఆమె పుట్టినరోజున అతను వెళ్లిన పందెం పేజీలో కూడా లేదు. "గుల్లలు బాగున్నాయి" అని మాత్రం చాలా చోట్ల ఉంది, ఎవరో అంగడివాడు పంపిన సరుకు గురించి రాసినట్టు.

1997 పుస్తకం దగ్గరకొచ్చింది. జూలై పన్నెండు. గాలి పడమర. గుంపు పదకొండు అంగుళాలు. కింద రెండు మాటలు: "గుల్లలు పాడు. నావి."

తర్వాతి పేజీ కూడా అంతే. "గుల్లలు పాడు. నావి." ఆ వేసవి ఏడు పందేలు. ఏడు చోట్లా ఉంది.

ట్వైలా ఆ పుస్తకం ముందు సాయంత్రం దాకా కూర్చుంది. మైదానంలో గొట్టం కుదురుకోలేదని చెప్పి వచ్చి, ఇంట్లో ఆ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని, ఆమె అవతల కట్టు లేని చేత్తో గిన్నెలు తోముతుంటే, ఈ మాట రాసుకున్నాడు. పన్నెండు అడుగుల దూరం. లేచి వచ్చి చెప్పలేకపోయాడు. "కోపం పోయిందేమో అనుకుంటున్నారా?" అంది నాతో. "పోలేదు. ఇంకా పెరిగింది. తెలియనివాడైతే క్షమించేదాన్ని."

మర్నాడు పొద్దున్న ఎమిల్‌కి ఫోను చేసింది.

"మీ గుల్లలు తీసుకురండి. రెండు షరతులు. నేను మైదానానికి వస్తాను. నివేదికలో గుల్లల వరసలో నా పేరుండాలి."

"మొదటిదానికి మీరు నన్నడగక్కర్లేదు. రెండోది నేను చూసుకుంటాను," అన్నాడు ఎమిల్. డబ్బు మాట ఎత్తితే వద్దంది. శీతాకాలానికి కట్టెలు కొట్టించి పెట్టమంది.

ఆగస్టు పందేనికి ఆమె వచ్చింది. బల్లల వెనక మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. మావాళ్లు దూరం నుంచే టోపీలు తాకి పలకరించి, పెద్దావిడ వెండెల్ జ్ఞాపకం కోసం వచ్చిందనుకున్నారు. ఎమిల్‌కి ఆ రోజు తొమ్మిదో స్థానం వచ్చింది. తల వంచుకుని ఆమె దగ్గరకు వచ్చాడు.

"గాలి నన్ను మోసం చేసిందండీ."

"ఎడమ జెండా పడిపోతుంటే ఎందుకు పేల్చారు? ఇక్కణ్నుంచి నాకే కనపడింది."

"తొందరపడ్డాను."

"గుల్లలు చూపించండి." పదీ తీసుకుని ఒక్కొక్కటే వేళ్లతో తడిమింది. "గుల్లల తప్పేం లేదు," అంది. ఎమిల్ నవ్వాడు. ఎమిల్ నవ్వడం నేను చూసింది చాలా తక్కువ.

సెప్టెంబరు పద్దెనిమిదిన గాలి దాదాపు లేదు. పొద్దున్న పొగమంచు విడిపోయాక ఎమిల్ పది తూటాలు పేల్చాడు. కాగితం నా కొలతల షెడ్డుకు వచ్చింది. నేను స్కేలు తీసేలోపు గుమ్మంలో నీడ పడింది. ట్వైలా.

"మీరేనా కొలిచేది?"

"అవునండీ. ముప్పై ఏళ్లుగా."

లోపలికి వచ్చి కాగితం మీదకు వంగింది. తాను తయారు చేసిన గుల్లలు ఏం చేశాయో ఆమె కళ్లారా చూడటం అదే మొదటిసారి. ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క కాగితం కూడా ఇంటికి తీసుకెళ్లి చూపించలేదు. చాలాసేపు చూసింది. చిల్లుల చుట్టూ వేలు తిప్పింది, కాగితాన్ని తాకకుండా.

"నాలుగున్నర అంగుళాలు," అంది.

కొలిచాను. నాలుగు పాయింట్ నాలుగు. ఆ ఏడాది మా మైదానంలో అదే అన్నిటికంటే చిన్న గుంపు.

ఎమిల్ తన వివరాల కాగితం నాకిచ్చాడు. గొట్టం, చెక్క, గుండు, మందు. గుల్లల దగ్గర: తయారీ ట్వైలా హైమ్‌బాక్. నేను ఆ పేరు చదివి తలెత్తాను. ఎమిల్ చెప్పాడు. అప్పుడే, ఆ షెడ్డులో, ఆమె ఎదురుగానే, మొత్తం చెప్పాడు. కాజాల దగ్గర్నుంచి కాదు, అవన్నీ నాకు తర్వాత తెలిశాయి. కోసిన రెండు గుల్లల సంగతి చెప్పాడు. ఎనభై ఎనిమిదిలో బల్ల చుట్టూ నవ్విన పది పన్నెండు మందిలో నేనూ ఉన్నానని నాకు గుర్తొచ్చింది. ఆమె ముఖం చూస్తే ఆమెకూ గుర్తున్నట్టే ఉంది.

నివేదిక పోస్టులో వెళ్లిన రెండు రోజులకు నా ఫోను మోగడం మొదలుపెట్టింది.

"ఇదేంటయ్యా, టైపు తప్పా?"

"తప్పు కాదు."

"అంటే వెండెల్ గుల్లలు కూడా...?"

"ఆవిడవే."

కొందరు నమ్మలేదు. ఒకడు మాత్రం, "ముసలాడు మనందర్నీ వెర్రివాళ్లని చేశాడ్రా," అని నవ్వబోయి ఆగిపోయాడు. నీలం డబ్బాల కోసం కొట్లాడిన ఇద్దరూ తమ గుల్లలు పట్టుకుని, వేరువేరు రోజుల్లో, ఆమె ఇంటికి వెళ్లారు. ఒకడివి తీసుకుంది. ఇంకొకడిని, "మీ అచ్చు ముందు బాగుచేయించుకోండి, మెడలు వంకరగా వస్తున్నాయి," అని పంపేసింది.

అక్టోబరులో నేను ఆమె ఇంటికి వెళ్లాను. పాత నివేదికలన్నిటి కాపీలు నా దగ్గరున్నాయి. గుల్లల వరసలో ప్రతిచోటా నేను టైపు చేసింది వెండెల్ పేరే. వెండెల్ గెలిచిన పందేలన్నిటికీ ఒక సవరణ వేస్తానని, ఒక పేజీ అంతా దానికే ఇస్తానని చెప్పాను. నా తప్పు కొంత దిద్దుకున్నట్టుంటుందని కూడా అన్నాను. ఆమె కాఫీ పోసింది. బల్లకు అటు కూర్చుంది.

"వద్దు," అంది.

"అది న్యాయం కదండీ."

"సమాధానం చెప్పుకోవడానికి అతను లేడు. ఉన్నప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు లేని మనిషి మీద నేను గెలవడం ఎందుకు?" నా కప్పులో ఇంకాస్త కాఫీ పోసి, "ముందు ముందు వచ్చేవాటిలో వెయ్యండి చాలు," అంది.

కాఫీ తాగి లేచాను. ఆమె సామాన్ల గది తలుపు తీసి చూపించింది. పలక మీద ముగ్గురి గుల్లలు వేరువేరు డబ్బాల్లో ఉన్నాయి. పేర్లు రాసిన చీటీలు అంటించి ఉన్నాయి. నేను ఒకటి చేతిలోకి తీసుకోబోతే, "తడి చేత్తో ముట్టుకోకండి," అని కసిరింది.

ఆ ఏటి చివరి పందెం అయ్యాక షెడ్డులో ఎప్పటిలాగే భోజనాలు పెట్టుకున్నాం. కోడి సూపు, బీట్‌రూట్ పులుసులో నానిన గుడ్లు. ఆమెను ఉండమని నేనే బతిమాలాను. ఉంది. అందరూ లేచి కుర్చీ ఇచ్చారు, బాగా మర్యాద చేశారు. ఆ తర్వాత గొట్టాల గురించీ, జింకల గురించీ, పోయినేటి గాలి గురించీ మాటల్లో పడ్డారు. ఆమె వాళ్లలో ఎవరితోనూ ఇరవై ఆరేళ్లలో పది మాటలు మాట్లాడి ఉండదు. ఎమిల్ భార్యకు ఒంట్లో బాగుండక అతను అప్పటికే వెళ్లిపోయాడు. ఆమె సూపు తాగింది, సగం గుడ్డు తింది, కోటు వేసుకుంది.

కారు దాకా నేను వెంట వెళ్లాను. తలుపు తీసి, లోపల కూర్చుని, తాళం పెట్టి, తిప్పకుండా ఉంది. కొండ మీద ఎండ తగ్గుతోంది. మావాళ్ల నవ్వులు షెడ్డులోంచి వినపడుతున్నాయి.

"సాయంత్రాలు మీ ఇంట్లో ఎవరైనా ఉంటారా?" అని అడిగింది.

"లేరండీ. మా ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది."

"మరి ఏం చేస్తారు?"

"నివేదిక టైపు చేస్తాను."

"అది నెలకొకసారే కదా," అంది.

జవాబు కోసం ఆమె ఆగలేదు. బండి తిప్పుకుని, కంకర మీద నెమ్మదిగా గేటు దాకా వెళ్లి, అటూ ఇటూ ఎవరూ రాకపోయినా రెండువైపులా చూసి, ఇంటి వైపు మలుపు తిరిగింది.